డీజిల్ పికప్, వెనక క్యాంపర్

అమెరికాలో డీజిల్ పికప్‌కి క్యాంపర్ తగిలించి ఎల్లోస్టోన్ బయల్దేరుతున్నారా? మైలేజీ బాగా పడిపోతే ఇంజన్ పాడైందని కంగారుపడకండి. హైవే మీద డీజిల్‌ని తాగేసేది బరువు కన్నా గాలే. క్యాంపర్ ముందు వైపు ఒకసారి చూడండి. గోడలా నిటారుగా ఉంటుంది. ఆ గోడని ఎదురుగాలిలో లాక్కుపోవాలి మరి! వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు. అందుకే ముందు వేగం తగ్గించండి. గంటకి 70 మైళ్ల నుంచి 60కి దిగితే ఆ అడ్డు పావువంతు తగ్గుతుంది. అవును, వేగమే ముఖ్యం. కొండెక్కేటప్పుడు మాత్రం బరువు లెక్కకొస్తుంది. క్యాంపులో నీళ్లు దొరికేటప్పుడు ట్యాంకు నిండా మోసుకెళ్లడం దేనికి? ఇక టైర్లు. పొద్దున్నే, బండి కదలకముందే, అవి చల్లగా ఉండగానే గాలి చూసుకోండి. క్యాంపర్ టైర్లు కూడా.