మంచుదేశమునకు పోవువారి బండి



మేము లారీలపై సరుకు పంపు వర్తకులము. మన బిడ్డలలో కెనడాయందలి క్విబెక్ రాష్ట్రమునకు పోయి పికప్ ట్రక్కు కొనదలచువారికి ఒక మాట చెప్పుచున్నాము: ముందుగా టైర్లకు సొమ్ము తీసి యుంచవలెను.

నాలుగు చక్రములకును ఇంజను బలము అందు బండి మంచులో సులభముగా కదలును. ఆపవలసినది మాత్రము టైరే. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీలకు దిగువన బిరుసెక్కి పట్టు వదలును. మూడు శిఖరముల కొండయు, మంచురేకయు గుర్తుగాగల టైర్లు నాలుగును కొనవలెను. రెండింటితో సరిపెట్టుట ప్రాణముతో బేరమాడుటయే. అచ్చట డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి.

వానలో ఖాళీ లారీ వెనుకభాగము జారుట మన బీదరు డ్రైవర్లెరుగుదురు. ఖాళీ పికప్పును అంతే. అందుకే వెనుక ఇరుసుపై ఇసుక సంచులు కదలకుండ కట్టుదురు. మంచు కరగుటకు రోడ్లపై చల్లు ఉప్పు ఇనుమును తినివేయును గనుక, పాతబండి కొనువారు రంగు చూచుటకు ముందు వంగి అడుగుభాగము చూడవలెను.