కొలువుకు ముందు పరిశ్రమను చదవాలి
(పట్టభద్ర యువత, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2007 నుండి బి.సి.-ఇ వర్గం కింద అమలవుతున్న నాలుగు శాతం రిజర్వేషన్ మన పిల్లల్లో ఎందరినో కళాశాల గుమ్మం దాటించింది. అయితే అది విద్యకూ, ప్రభుత్వోద్యోగాలకూ పరిమితం. ప్రైవేటు కర్మాగారపు ద్వారం వద్ద అది పనిచేయదు. ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిసి నాలుగు శాతానికి లోపే ఉన్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఇంత అరుదుగా సాధించుకున్న పట్టా చేతబట్టుకొని, ఆ పరిశ్రమకు కావలసినదేమిటో తెలియక మన బిడ్డలు వెనుదిరగడం మనం సహించదగిన విషయం కాదు.

మన కళ్లెదుటనే ఉన్న ఔషధ పరిశ్రమను చూడండి. ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. బాలానగర్‌లో కర్మాగారం నెలకొల్పింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, అటు విశాఖ వైపు పరవాడ వరకు ఈ పరిశ్రమ విస్తరించింది. రసాయన శాస్త్రంలో బి.ఎస్సీ., బి.ఫార్మసీ చదివినవారికి ఇక్కడ చోటున్నది.

వీరికి ఎటువంటి పట్టభద్రులు కావాలి? ఉద్యోగ ప్రకటనలు చదివితే హెచ్.పి.ఎల్.సి., జి.ఎం.పి. వంటి పొడి అక్షరాలే దొరుకుతాయి. అంతకంటే విలువైన ఆధారం మరొకటి ఉన్నది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ యు.ఎస్.ఎఫ్.డి.ఎ. మన దేశపు కర్మాగారాలను సైతం తనిఖీ చేసి, తీవ్రమైన లోపాలున్నచోట హెచ్చరిక లేఖలు పంపుతుంది. ఆ లేఖలు బహిరంగ పత్రాలు; ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. యజమాని దేనికి భయపడుతున్నాడో తెలిస్తే ఎవరిని వెతుకుతున్నాడో తెలుస్తుంది.

ఆ లేఖల్లో పదే పదే కనిపించే ఫిర్యాదు యంత్రాల గురించి మాత్రమే కాదు, రాతల గురించి. పరీక్ష చేసిన వేళనే ఫలితం నమోదు కాలేదు. నచ్చని ఫలితాన్ని తొలగించి మళ్లీ పరీక్షించారు. ఎవరు చేశారో సంతకం లేదు. ఎవరు రాశారో తెలియాలి, స్పష్టంగా ఉండాలి, అప్పటికప్పుడు రాయాలి, అసలు ప్రతి అయి ఉండాలి, ఖచ్చితంగా ఉండాలి. ఈ ఐదు నియమాలను పరిశ్రమలో ఆల్కోవా అంటారు.

మరి మన కళాశాలల్లో జరుగుతున్నదేమిటి? సీనియర్ల రికార్డు తెచ్చుకొని, రాని ఫలితాన్ని వచ్చినట్లు రాసి, పరీక్షకు ముందు వారం సంతకాలు చేయించుకోవడం ఎన్నో చోట్ల ఆనవాయితీ. కళాశాలలో మార్కులు తెచ్చే ఈ అలవాటే కర్మాగారంలో ఉద్యోగం పోగొడుతుంది. దీనిని మాన్పించడానికి ఫీజు అక్కరలేదు, కోచింగ్ అక్కరలేదు.

రెగ్యులేటరీ వ్యవహారాలు, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ విభాగాలలో పని బల్ల వద్దనే జరుగుతుంది. రాత్రి షిఫ్టులంటే సంకోచించే తల్లిదండ్రులు వీటిని గూర్చి అడిగి తెలుసుకోవాలి. అయితే అక్కడ ఆంగ్లంలో తప్పుల్లేకుండా నివేదిక రాయగలగాలి. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన పిల్లలకు ఈ ఒక్క విషయంలో డిగ్రీ మొదటి ఏటి నుండే సాయం అవసరం.

మనం కూడా యజమానిని ప్రశ్నించాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు పదుల ప్రాణాలను బలిగొన్నది. ఇంటర్వ్యూకు వెళ్లే బిడ్డ జీతంతో పాటు భద్రతా శిక్షణ ఎన్ని రోజులని అడగడం అమర్యాద కాదు.

ఈ సమావేశం ముగిశాక ఐదుగురేసి విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడండి. ఒక్కొక్క బృందం పది హెచ్చరిక లేఖలు, ఇరవై ఉద్యోగ ప్రకటనలు చదివి, ఆ పనిలో ఉన్న ఒక్కరితోనైనా మాట్లాడి, తెలుసుకున్నది తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి తీసుకురండి. వచ్చే నెల ఇక్కడే వాటిని చదివిస్తాము.