మంచి కటింగ్ ప్లేయర్‌ను ఎట్లా ఎంచుకోవాలి?

(సంఘం సర్వసభ్య సమావేశంలో బాల్కొండ సభ్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను సవరణ గురించి, కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మన సమావేశాల్లో పెద్దలు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. ఈసారి ఇంటికి పనికివచ్చే మాట ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. కటింగ్ ప్లేయర్ గురించి చెబుతానన్నాను. ఆయన నవ్వారు. ఇప్పుడు మీరూ నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కాని ఈ చిన్న పనిముట్టు లేని ఇల్లు మన బాల్కొండ, ఆర్మూరు ప్రాంతంలో ఉన్నదా? బోరు మోటారు స్టార్టరు డబ్బా మీద ఒకటి, ట్రాక్టరు సీటు కింద ఒకటి, పసుపు పాలిష్ డ్రమ్ము దగ్గర ఒకటి ఉంటుంది. దానిని పట్టుకొని కరెంటు తీగ ముట్టుకునేది మన కొడుకులు, మనవలు. అందువల్ల ఇది ప్రాణానికి సంబంధించిన విషయమని మనవి చేస్తున్నాను.

ఉక్కును పరీక్షించి కొనడం మన జిల్లాకు కొత్త విద్య కాదు. కోనసముద్రం పేరు మీరందరూ విన్నదే. అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు ఒకప్పుడు పర్షియా దేశం దాకా పోయేవి. డమాస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకునే కత్తులకు ఇటువంటి దక్షిణాది ఉక్కే ముడిసరుకు. హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు కోనసముద్రం పద్ధతిని కళ్ళారా చూసి రాసిన వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు కొలిమి పనిని స్వయంగా దగ్గరుండి చూసుకునేవాడని అందులో ఉన్నది. అంత దూరం నుంచి వచ్చినవాడు కూడా చూడనిదే కొనలేదు. మనం మాత్రం ఊళ్ళో ఉన్న దుకాణానికి పోయి, పిడి రంగు బాగుందని కొనేస్తున్నాము.

ముందుగా ఏ పనికి ఏది అన్నది తెలుసుకోవాలి. అన్ని పనులకూ ఒకటే ప్లేయర్ సరిపోదు. తీగ పట్టుకోవడం, వంచడం, కత్తిరించడం మూడూ చేసేది మామూలు కటింగ్ ప్లేయర్. దీనినే మన మెకానిక్కులు కొందరు పకడ్ అంటారు. ఇది 6, 7, 8 అంగుళాల సైజుల్లో వస్తుంది. సన్నని చోట్ల దూరేది, తీగ కొస వంచేది నోస్ ప్లేయర్. పైపులు, వాటి బిగింపులు తిప్పడానికి, నోరు వెడల్పు మార్చుకునే వీలున్నది వాటర్ పంప్ ప్లేయర్. బేరింగుల దగ్గర ఉండే సర్క్లిప్పులు తీయడానికి వేరే ప్లేయరే ఉన్నది. అందులోనూ లోపలి క్లిప్పుకు ఒకటి, బయటి క్లిప్పుకు ఒకటి. ఇంటికి, పొలానికి 8 అంగుళాల కటింగ్ ప్లేయర్, 6 అంగుళాల నోస్ ప్లేయర్, 10 అంగుళాల వాటర్ పంప్ ప్లేయర్ ఈ మూడూ ఉంటే చాలు. పది నాసిరకం వస్తువుల సెట్టు కంటే మంచివి మూడు మేలు.

ఇక దుకాణంలో చేయవలసిన పరీక్షలు. పసుపు కొనేవాడు కొమ్మును విరిచి, చప్పుడు విని, లోపలి రంగు చూసి ధర చెబుతాడు. ప్లేయర్‌ను విరిచి చూడలేము గాని, విరవకుండానే తెలుసుకొనే గుర్తులు ఉన్నాయి.

మొదటిది, కీలు. ప్లేయర్‌ను తెరిచి రెండు పిడులనూ పక్కలకు ఊపి చూడండి. నోరు పక్కలకు కదిలితే కీలు వదులన్నమాట. కొత్తదే ఊగితే పాతబడ్డాక చెప్పవలసిన పని లేదు. అట్లాగని బిగుసుకుపోయి ఉండకూడదు. ఒక చేత్తో తెరిచి మూయగలగాలి.

రెండవది, వెలుతురు. నోరు మూసి దీపం వైపు పెట్టి చూడండి. కత్తిరించే అంచుల మధ్య వెలుతురు కనబడకూడదు. నోటి కొసలు ఒకదానికొకటి సూటిగా కలవాలి. కొసలు కలిసినప్పుడు లోపలి పళ్ళ మధ్య వెంట్రుకంత సందు ఉంటే అది లోపం కాదు.

మూడవది, కోత. దుకాణదారుని అడిగి, వైరులో ఉండే సన్నని రాగి పోగు ఒక్కటి తీసుకొని అంచు మొదట, నడుమ, చివర మూడు చోట్లా కత్తిరించి చూడండి. పోగు తెగకుండా నలిగి వంగితే ఆ వస్తువు పక్కన పెట్టండి.

నాలుగవది, పిడి. గట్టిగా మూసినప్పుడు రెండు పిడుల మధ్య వేలు పట్టేంత ఎడం ఉండాలి. లేకుంటే అరచేతి చర్మం నలుగుతుంది.

ఐదవది, ముద్ర. పోత పోసినదానికి దెబ్బ తగిలితే విరిగే గుణం ఉంటుంది. వేడి చేసి అచ్చులో కొట్టి చేసినదే నిలుస్తుంది. దానినే ఫోర్జింగ్ అంటారు. తయారీదారు పేరు, సైజు ఇనుము మీదనే స్పష్టంగా అచ్చయి ఉండాలి. కటింగ్ ప్లేయర్లకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3650. ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరును మీ మనవడి ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో నకిలీదో తెలుస్తుంది. పంజాబులోని జలంధర్, లుధియానాలు మన దేశంలో చేతి పనిముట్లకు పేరుపడ్డ ఊళ్ళు. నాసిక్‌లో తపారియా కంపెనీ స్వీడన్ సాంకేతిక సహకారంతో 1969లో తయారీ మొదలుపెట్టింది. పేరున్న వస్తువుకు నకిలీలు ఉంటాయి. ఒక అక్షరం మార్చి అమ్మేవారు ఉంటారు గనుక పేరును కూడబలుక్కొని చదవండి.

ధర సంగతి చెబుతాను. నేను సర్వీసులో ఉండగా ఒక కార్యాలయంలో కొన్నేళ్ళు స్టోర్సు సీటు చూశాను. ఇండెంట్లలో "కటింగ్ ప్లేయర్ 8 అంగుళాలు" అని మాత్రం రాసి పంపేవారు. మూడు కొటేషన్లు, ఒక కంపారిటివ్ స్టేట్‌మెంటు, తక్కువ పలికినవానికి ఆర్డరు. వార్షిక తనిఖీ వచ్చేసరికి అవే వస్తువులు అంచులు పోయి, కీళ్ళు ఊడి, పనికిరాని వస్తువుల జాబితాలో చేరేవి. ప్రమాణం నంబరుతో సహా ఇండెంటు వచ్చిన ఏడు కొన్నవి మాత్రం చాలా ఏళ్ళు స్టాకు రిజిస్టరులో నిలిచాయి. తక్కువ ధర తప్పు కాదు. ఏం కావాలో రాయకపోవడమే తప్పు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన కరెంటు తగలదని అనుకోవద్దు. మామూలు తొడుగు చేతికి పట్టు కోసం వేసింది. కరెంటు పనికి ప్రత్యేకంగా చేసినవాటి మీద రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టులు అన్న అంకె, ఐ.ఇ.సి. 60900 అన్న ప్రమాణం ఉంటాయి. వాటిని 10,000 వోల్టుల దగ్గర పరీక్షించి బయటికి పంపుతారు. అటువంటిది చేతిలో ఉన్నా, తొడుగు చిట్లితే, తడిస్తే, నూనె పట్టి జారుతూ ఉంటే నమ్మకూడదు. పొలంలో మోటారుకు వచ్చేది మూడు ఫేజులు, 415 వోల్టులు. కాళ్ళ కింద తడి మట్టి. ముందు మెయిన్ ఆపాలి, ఫ్యూజులు ఊడదీసి దగ్గర పెట్టుకోవాలి, టెస్టరుతో చూడాలి, ఆ తరువాతే ప్లేయర్ పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి వేరు. దానికి పైనుంచి వచ్చేది 11,000 వోల్టులు. దాని ముందు ఏ ప్లేయరూ పనికిరాదు. నీళ్ళు ఆలస్యమైనా ఫరవాలేదు, 1912కు ఫోను చేసి సిబ్బంది వచ్చేదాకా ఆగమని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఒక మడి ఎండితే మళ్ళీ వేసుకోవచ్చు.

వాడకంలో కొన్ని జాగ్రత్తలు. నట్టు విప్పడానికి పానా వాడాలి. ప్లేయర్ వాడితే నట్టు మూలలు అరిగిపోతాయి, తరువాత పానా కూడా పట్టదు. ప్లేయర్‌ను సుత్తిలాగా కొట్టడానికి వాడవద్దు. పిడికి పైపు తొడిగి బలం పెంచవద్దు. బ్రేకు కేబులు, స్ప్రింగు తీగ వంటి గట్టి ఉక్కును కత్తిరిస్తే అంచు పెచ్చులూడి, ఆ ముక్క కంట్లో పడవచ్చు. తీగ కత్తిరించేటప్పుడు కళ్ళద్దాలు ఉంచుకోండి, తెగే కొసను నేల వైపు పెట్టండి. వానాకాలంలో తుడిచి, కీలులో ఒక చుక్క మిషను నూనె వేస్తే తుప్పు పట్టదు.

మన వయసువారికి ఇంకొక మాట. చేతిలో మునుపటి బలం లేదు, వేళ్ళ కీళ్ళు నొస్తాయి. తీగను నోటి కొసన కాక, కీలుకు వీలైనంత దగ్గరగా పెట్టి కత్తిరించండి. చెయ్యి పట్టే చోటు కీలుకు 14 సెంటీమీటర్లు, తీగ ఒకటిన్నర సెంటీమీటర్లు దూరంలో ఉంటే మన బలం సుమారు తొమ్మిది రెట్లు అవుతుంది. అదే తీగ మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటే సగమే. అందుకే 6 అంగుళాలదాని కంటే 8 అంగుళాలది ముసలి చేతికి సుఖం.

చివరిగా ఒక మనవి. రేపు పొద్దున మీ ఇంట్లో, బావి దగ్గర ఉన్న ప్లేయర్లను అన్నిటినీ ఒకచోట వేసి చూడండి. తొడుగు చిరిగినవాటిని స్టార్టరు డబ్బా దగ్గర ఉంచవద్దు. కొత్తది తెమ్మని కొడుకును పంపేటప్పుడు నోటిమాటగా కాక ఒక చీటీ రాసి ఇవ్వండి: సైజు, ఐ.ఎస్. 3650, కీలు ఊగకూడదు, అంచుల్లో వెలుతురు కనబడకూడదు. కరెంటు పనికైతే 1000 వోల్టుల గుర్తు ఉన్నది వేరుగా తెమ్మనండి. ఇన్నేళ్ళు నోట్ ఫైళ్ళు రాసినవాళ్ళం, మనకు ఒక చీటీ రాయడం కష్టం కాదు.