పెద్ద ఆపదకు పెద్ద కుట్రేనా?



2020 ఏప్రిల్. కరోనా విజృంభిస్తున్న రోజులు. బ్రిటన్‌లో కొందరు సెల్ టవర్లకు నిప్పు పెట్టారు. కరోనాకు 5జీ తరంగాలే కారణమని నమ్మారు మరి! మరుసటి ఏడాది మన దేశంలోనూ ఆ పుకారు వ్యాపించింది. ఇక్కడ 5జీ పరీక్షలే ఇంకా మొదలవలేదని టెలికాం శాఖ ప్రకటించాల్సి వచ్చింది.

5జీ లేని చోటా కరోనా వచ్చింది కదా! అయినా ఎందుకు నమ్మారు?

ఒకటి, భయం. భయపడిన మనసు వెంటనే జవాబు కోరుతుంది. రెండు, పెద్ద ఆపదకు పెద్ద కారణమే ఉండాలనుకుంటాం. ఎవరో కావాలని చేశారంటే, కోపం చూపడానికి ఒక శత్రువు దొరుకుతాడు. మూడు, పదేపదే విన్న మాట నిజమనిపిస్తుంది. పదిమంది చెప్పినా, పుట్టిన చోటు ఒక్కటే కావచ్చు.

మరి ఇలాంటి సందేశం వస్తే ఏం చేయాలి? వచ్చిన సందేశాన్నే మళ్లీ మళ్లీ చదవకండి. దాన్ని పక్కన పెట్టి, బయట వెతకండి. మొదట చెప్పిందెవరు? వాళ్లకెలా తెలిసింది? ఆ విషయం తెలిసినవాళ్లు ఏమంటున్నారు? పేరున్న పత్రికలు ఏం రాస్తున్నాయి? ‘వెంటనే అందరికీ పంపండి’ అని ఉంటే మరింత జాగ్రత్త.

గుర్తుంచుకోండి. ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది? ఈ రెండూ తేలేదాకా నమ్మకండి, ఎవరికీ పంపకండి.