సప్తసంతానములు – మన నగరము



మనుష్యుని పేరును భూమిపై నిలుపునవి ఏడని మన పెద్దలు చెప్పినారు. తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు – ఇవియే సప్తసంతానములు. కడుపున పుట్టినవాడొక్కడే సంతానమని మనము అనుకొనుచున్నాము. పెద్దలు అట్లనలేదు. చెరువు త్రవ్వించినవానికి ఆ చెరువే బిడ్డ. తోట వేసినవానికి ఆ తోటయే బిడ్డ. కర్త గతించిన పిమ్మట లోకమునకు నీరో, నీడయో, అక్షరమో ఇచ్చుచుండునది ఏదైనను సంతానమే.

ఇది పురాణకాలపు మాట, నేటికి పనికిరాదని కొందరనవచ్చును. వారు నాతో కూడ రావలెనని కోరుచున్నాను. దూరము పోనక్కరలేదు. ఆబిడ్స్ నుండి నాంపల్లి వరకు నడచిన చాలును.

మొదట నౌబత్ పహాడ్ ఎక్కుదము. పూర్వము నగారా మ్రోగించి ప్రభువుల ఆజ్ఞలను చాటిన కొండ అది. ఆ కొండపై 1976లో తెల్లని చలువరాతి వేంకటేశ్వరాలయము వెలసినది. నగారా మ్రోగిన చోట నేడు గంట కూడ లేదు. భక్తుడు మౌనముగా ధ్యానము చేయవలెనని అక్కడ గంటలు కట్టలేదు. ఇది దేవాలయ సంతానము. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాకును, గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథడ్రల్‌కును మ్రొక్కువారు మన ఇరుగుపొరుగువారే గదా!

ఆ కొండ మీద నుండి చూచిన హుస్సేన్ సాగర్ కనిపించును. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దగ్గరుండి కట్టించిన చెరువది. సుల్తాను పేరు గాక, పని చేయించినవాని పేరే చెరువునకు నిలిచినది. ఇది తటాకము.

కొండ దిగి నాంపల్లి వైపు వచ్చిన పబ్లిక్ గార్డెన్స్. దాని పాత పేరు బాగే ఆమ్, అనగా సామాన్యజనుల తోట. రాజు తన అంతఃపురమునకు తోట వేసికొనుట వింత కాదు. ఎవరిదో తెలియని బిడ్డ పరుగెత్తుటకు వేసిన తోటయే వన సంతానము. ఆ తోటలోనే 1905లో ఆరంభించి 1913లో ముగించిన టౌన్‌హాలు తరువాత శాసనసభకు నెలవైనది. 1930లో ఏర్పడిన పురావస్తుశాల కూడ అక్కడనే ఉన్నది. శాతవాహనుల నాటి నాణెములు, ఈజిప్టు నుండి వచ్చిన మమ్మీ అందున్నవి. పూర్వులు నిధిని భూమిలో పాతిపెట్టినారు. ఇది పదిమంది కన్నుల యెదుట ఉంచిన నిధి.

ఇక అగ్రహారము. చదువుకొనువానికి నీడయు కూడును కల్పించుటయే దాని సారము. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు ఏర్పడినది. పల్లెల నుండి పెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చిన పిల్లలకు ఆబిడ్స్‌లోని ఆ గూడే అగ్రహారమైనది.

కృతి సంతానము ఈ వీథులలో అన్నింటికన్న మిన్న. 1891లో ఆసఫియా గ్రంథాలయము మొదట వెలసినది ఆబిడ్స్‌లోనే. 1936లో అది అఫ్జల్‌గంజ్‌కు తరలినది. నడకదూరములో, నాటి రెసిడెన్సీ బజారున, 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించినారు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు వాదముతో గాక, 1934లో 354 మంది కవుల రచనలను ఒక సంచికగా కూర్చి బదులు చెప్పినారు. అది కదా కృతి!

ఏడింటిలో ఆరు చెప్పినాను. ఏడవది పుత్రుడు. అనగా మనము. ఇక్కడనే నా తప్పొకటి మీ యెదుట చెప్పుకొనవలసియున్నది.

ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారమునాడు పాత పుస్తకములు పరచి అమ్ముదురని మీకు తెలియును. ఒక ఆదివారము అక్కడ అట్ట ఊడిన భాగవతము నొకదానిని చేతికి తీసికొన్నాను. మొదటి పుటలో ఒక తండ్రి, అత్తవారింటికి పోవు కూతురునకు ఆ గ్రంథమును ఇచ్చుచున్నట్లు ముత్యములవంటి అక్షరములతో వ్రాసియున్నాడు. ఆ సిరా చూడగానే నా చేయి వణకినది. ఏలయన, ఇల్లు మారినప్పుడు మా తండ్రిగారి పుస్తకముల పెట్టెను పాతకాగితములవానికి తూకమునకు ఇచ్చినవాడను నేనే. క్రొత్త ఇంట చోటు లేదన్నాను. పూజామందిరమునకు మాత్రము చలువరాయి పరపించినాను! ఆ భాగవతమును కొని తెచ్చుకొన్నాను గాని, మా తండ్రిగారి పెట్టె మరల దొరకలేదు.

కట్టుట కంటె శిథిలమైనదానిని నిలుపుట ఎక్కువ పుణ్యమని పెద్దలు చెప్పుదురు. దానిని జీర్ణోద్ధరణము అందురు. కట్టినవానికి పేరు వచ్చును, శిలాఫలకము వచ్చును. నిలిపినవానికి పేరు రాదు. అందుకే అది నిష్కామకర్మ.

నాంపల్లి స్టేషను 1907 నాటిది. దాని చేరువనే బాటసారుల కొరకు నిజాముల నాడు కట్టిన సరాయి చాలకాలము కప్పు కూలి దిక్కులేక నిలిచినది. ఇంకొక ప్రక్క 1935 నాటి మొజంజాహీ మార్కెట్టును చూడుడు. అదియు మాసి, పాడుపడి యుండెను. 2018లో పని మొదలుపెట్టి, రాతిపై పేరుకొనిన మురికిని తొలగించి, 2020 ఆగస్టులో మరల తెరచినారు. ఒకే త్రోవలో రెండు కట్టడములు. ఒకదానికి కొడుకులు పుట్టినారు, ఒకదానికి చాలకాలము పుట్టలేదు. భేదమంతయు ఇదియే.

ఆబిద్ అను వర్తకుడు ఆరవ నిజాము కొలువున ఉండి ఇక్కడ అంగడి పెట్టినాడు. అంగడి పోయినది, పేరు మిగిలినది. పేరు దానంతట అదియే మిగులవచ్చును. నీడ మాత్రము ఎవరో ఒకరు కాపాడిననే మిగులును.

కావున ఈ సాయంకాలము ఇంటికి పోవునప్పుడు మీ త్రోవలోని ఒక పాత గోడనైనను ఆగి చూడుడు. ఎవరు కట్టించిరో పిల్లలకు చెప్పుడు. ఇంటిలోని పాతపెట్టెను తూకమునకు వేయుటకు ముందు ఒక్కసారి మూత తెరచి చూడుడు. ఏడవ సంతానము సరిగా ఉన్ననే గదా, తక్కిన ఆరును బ్రతుకును!

స్వస్తి.