ఎత్తు ఒక్కటే చాలదు



ఈవేళ మంచుగడ్డ మీద ఆడే హాకీ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "మనకెందుకమ్మా ఆ ఆట?" అనకండి. అమెరికా, కెనడాల్లో కాపురమున్న మన పిల్లలకు అది తెలిసిన ఆటే. పైగా అందులో తల్లులు ఆలోచించవలసిన సంగతి ఒకటున్నది.

ఈ ఆటలో బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని ఒక్కొక్క పక్షాన ఆరుగురు ఆడతారు. ఒకరు గోల్ కీపరు, ముగ్గురు ముందుకు దూకేవారు, ఇద్దరు వెనక కాపు కాసేవారు. ముందున్నవాడు పదిసార్లు గురి తప్పి పదకొండోసారి గోల్ కొడితే చప్పట్లే. కాపు కాసేవాడు పదిసార్లు అడ్డుకుని పదకొండోసారి ఏమరిస్తే, అందరికీ కనిపించేది ఆ ఒక్కటే. మన వంటింటి సంగతీ అంతే గదా! పప్పులో ఉప్పు సరిపోయిన రోజున ఎవరూ మాట్లాడరు.

మరి ఇటువంటి కుర్రవాడు నేషనల్ హాకీ లీగ్ అనే పెద్ద ఆటకు ఎప్పుడు తయారైనట్టు? కొట్టిన గోల్స్ లెక్కవేసి చెప్పలేం. మీదికి వచ్చేవాడికి ఎంత దూరంలో నిలవాలి, వాణ్ణి గోల్ ముందుకు రానీయకుండా గోడ వైపుకు ఎలా మళ్ళించాలి, ఒత్తిడిలోనూ కంగారుపడకుండా పక్‌ను తనవాడికి ఎలా అందించాలి - ఇవి పట్టుబడ్డాయా అని చూడాలి. ఇవన్నీ ఆడుతూ ఆడుతూ రావలసినవే.

ఈ లీగ్ జట్లు ఏటా 18 ఏళ్ళ ఈడు కుర్రవాళ్ళను డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటాయి. ఎంచుకోగానే ఆడించేస్తారనుకోకండి. చాలామందిని జూనియర్ లీగుల్లోనో, ఒక మెట్టు కింద ఉన్న అమెరికన్ హాకీ లీగ్‌లోనో కొన్నేళ్ళు ఆడనిస్తారు. తొందరపడి పైకి తెస్తే కుర్రవాడు బల్ల మీద కూర్చోవడమే ఎక్కువ, ఆడటం తక్కువ. ఉన్న ధైర్యం కూడా సడలుతుంది. అలాగని మరీ ఎక్కువకాలం కిందనే ఉంచినా ప్రమాదమే. బలహీనుల మీద చెల్లిన తప్పులు అలవాటై కూర్చుంటాయి.

జ్డెనో చారా కథ వినండి. 1977లో స్లొవేకియాలోని ట్రెన్చిన్‌లో పుట్టాడు. తండ్రి మల్లయోధుడు, 1976 ఒలింపిక్స్‌లో పాల్గొన్నవాడు. కొడుకు 6 అడుగుల 9 అంగుళాలు పెరిగాడు. నేషనల్ హాకీ లీగ్‌లో అంతకు మించిన పొడుగరి ఎవరూ ఆడలేదు. 1996లో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు అతణ్ణి 56వ వాడిగా ఎంచుకుంది. అంత ఆకారముందని వెంటనే బరిలోకి దించారా? లేదు. ఒక ఏడాది కెనడాలో జూనియర్ లీగ్ ఆడించారు. మరుసటి ఏడాది ఎక్కువ భాగం అమెరికన్ హాకీ లీగ్‌లోనే. ఆ ఏడు పెద్ద లీగ్‌లో ఆడింది 25 ఆటలే. ఐలాండర్స్ తరఫున మొత్తం 231 ఆటల్లో కొట్టినవి 6 గోల్స్!

2001లో ఆ జట్టు అతణ్ణి ఓటావాకు ఇచ్చేసింది. అక్కడ రాణించాడు. 2006లో బోస్టన్ చేరి నాయకుడయ్యాడు. 2009లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నారిస్ ట్రోఫీ, 2011లో స్టాన్లీ కప్ అందుకున్నాడు. 2022లో విరమించేనాటికి 1,680 ఆటలాడాడు. కాపు కాసే ఆటగాళ్ళలో అప్పటికి అంతకు మించి ఆడినవారు లేరు. 2025లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఎంపికైన నాటి నుంచి నారిస్ ట్రోఫీ దాకా 13 ఏళ్ళు పట్టిందన్నమాట.

మన ఇళ్ళల్లోనూ పిల్లవాడు కాస్త ఏపుగా ఎదిగితే, నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే, పై మెట్టు ఎక్కించాలని ఆరాటపడతాం. కాయ పెద్దదైనంత మాత్రాన పండినట్టు కాదు. "మా వాడు ఎప్పుడు పైకొస్తాడు?" అని అడిగే ముందు, "ఇవాళ వాడికి చేతినిండా ఆట దొరుకుతోందా, నేర్చుకుంటున్నాడా?" అని అడిగి చూడండి. దొరుకుతున్నదంటే, ఆగడం వల్ల నష్టమేమీ లేదు.