మందు తెలిస్తే చాలదు, మనిషి భాష కూడా తెలియాలి
(సూరత్‌లో జరిగిన మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరి, సుబేదార్‌గా రిటైరయ్యాను. నేను డాక్టర్ని కాను. ఎం.ఐ. రూములో, మందుల స్టోరులో పనిచేసినవాణ్ణి. అందుకని మన పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు. "అంకుల్, ఎంబీబీఎస్ అయింది, బి.ఫార్మసీ అయింది, నర్సింగ్ అయింది. తర్వాత ఏం చదవాలి?" అని. ఈ రోజు ఆ ప్రశ్నకే నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

ఒక చదువుంది. దాని పేరు ఫార్మస్యూటికల్ మెడిసిన్. రోగికి ఏ మందు రాయాలో చెప్పే చదువు కాదిది. ఆ మందు ఎలా పుట్టింది, మనుషుల మీద ఎలా పరీక్షించారు, బజారులోకి వచ్చాక ఎవరికి ఏ హాని చేస్తోంది, ఇవి చూసే చదువు. ఇప్పటికే వైద్యరంగంలో ఉన్నవాళ్లు పైన చదువుకునేది. బ్రిటన్‌లో మూడు రాయల్ ఫిజీషియన్స్ కాలేజీలు కలిసి 1989లో దీనికి ప్రత్యేకంగా ఒక ఫ్యాకల్టీనే పెట్టాయి. మన దేశంలో ఈ పేరు తక్కువ వినిపిస్తుంది కానీ, పని మాత్రం చాలా ఉంది.

ఈ చదువు మనకెందుకు అంటారా? మన సూరత్ సంగతే తీసుకోండి. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వచ్చింది. నాలుగైదు రోజుల్లో లక్షలాది మంది ఊరు వదిలి పోయారు. రైళ్లు కిక్కిరిసిపోయాయి. టెట్రాసైక్లిన్ కోసం జనం మందుల షాపుల మీద పడ్డారు. జబ్బు ఉన్నవాడూ కొన్నాడు, లేనివాడూ కొని దాచుకున్నాడు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, గర్భిణికి ఇవ్వొచ్చా, చిన్నపిల్లలకు ఇవ్వొచ్చా అని అడిగేవాడు లేడు. మందు దొరకడం ఒక ఎత్తు, మందును తెలిసి వాడడం ఇంకో ఎత్తు.

ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అది వచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి. కనుగొన్నది డగ్గర్ అనే శాస్త్రవేత్త. అక్కడ పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన మద్రాసులో ఎల్.ఎం.ఎస్. చదివి, 1923లో బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో పై చదువు చదివారు. బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ కూడా ఆయన బృందం పనే. వైద్యం చదివిన మనిషి అక్కడితో ఆగకుండా మందుల వైపు వెళితే ఎంతమందికి మేలు జరుగుతుందో చూడండి.

ఇప్పుడు అసలు విషయం. కొత్త మందును ముందు కొద్దిమంది మీద, తర్వాత వందల మంది మీద, ఆ తర్వాత ఇంకా ఎక్కువమంది మీద పరీక్షిస్తారు. అమ్మకానికి వచ్చాక కూడా గమనిస్తూనే ఉంటారు. ఈ ప్రతి మెట్టులోనూ ఒక మనిషి ఉంటాడు. అతనికి విషయం అతని భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే ముందుకు పోవాలి. ఒప్పుకోకపోతే వదిలేయాలి. చట్టం అదే చెబుతోంది.

మరి చట్టం ఉన్నా ఏం జరిగిందో వినండి. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే టీకా మీద ఒక అధ్యయనం జరిగింది. ఒకటి మన ఖమ్మం జిల్లాలో, ఒకటి ఈ గుజరాత్‌లోనే వడోదరలో. వేల మంది ఆడపిల్లలకు టీకా వేశారు. ఖమ్మంలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదివే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. ఆ టీకాను చాలా దేశాల్లో ఇప్పుడూ వేస్తున్నారు, దాని మీద నాకేమీ అభ్యంతరం లేదు. కానీ సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదైనా, అడిగే పద్ధతి తప్పయితే జనానికి నమ్మకం పోతుంది. నమ్మకం పోయాక మంచి మందు కూడా పనికిరాదు.

ఇక లింబాయత్ వైపు చూడండి. సిరిసిల్ల నుంచి, కరీంనగర్, వరంగల్, నల్గొండల నుంచి వచ్చి సాంచాల మీద బతుకుతున్న మనవాళ్లు ఎంతమంది! కార్పొరేషన్ వాళ్లు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతున్నారంటే మన సంఖ్య అర్థమవుతుంది. ఆ అన్న దవాఖానకు పోతే చీటీ ఇంగ్లీషులో, మాట గుజరాతీలో. "ఈ గోళీ వేసుకున్నంక ఒళ్లంతా దద్దుర్లు లేచినయ్" అని తెలుగులో చెబితే రాసుకునేవాడు ఎవరు? రాసుకోకపోతే ఆ హాని ఏ లెక్కలోకీ రాదు. సాంచా ఆగితే కూలి పోతుంది కాబట్టి, అతను ఓర్చుకుని పనికి పోతాడు. అంతే.

ఫౌజులో మాకు ఒక అలవాటు నేర్పారు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ రిజిస్టరులో ఎక్కకుండా గోళీ బయటికి పోకూడదు. సరిగ్గా ఆ క్రమశిక్షణే దేశమంతటికీ కావాలి. మందుల దుష్ఫలితాల మీద నిఘాకు 2010లో జాతీయ కార్యక్రమం మొదలైంది. దాని కేంద్రం ఇప్పుడు ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. 1800-180-3024 ఉచిత నంబరు. డాక్టరే చేయాలని లేదు, రోగి కూడా చెప్పొచ్చు. నాలుగు సంగతులు చాలు: రోగి ఎవరు, ఏ మందు, ఏమైంది, చెబుతున్నది ఎవరు.

ఇక చదువు దారులు. ఎంబీబీఎస్ అయినవాళ్లు ఎం.డి. ఫార్మకాలజీ మూడేళ్లు, ఆపైన డి.ఎం. క్లినికల్ ఫార్మకాలజీ మూడేళ్లు చదవొచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో క్లినికల్ ఫార్మకాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. బి.ఫార్మసీ అయినవాళ్లకు రెండేళ్ల ఎం.ఫార్మసీ ఉంది, మూడేళ్ల ఫార్మ్.డి. ఉంది. నైపర్ సంస్థలు హైదరాబాద్‌లోనూ, మనకు దగ్గరగా అహ్మదాబాద్‌లోనూ 2007లో మొదలయ్యాయి. ప్రవేశ పరీక్ష రాయాలి. నర్సింగ్ పిల్లలకు ఎం.ఎస్సీ. నర్సింగ్ తర్వాత మందుల పరీక్షలు సమన్వయం చేసే పనిలో మంచి అవకాశాలున్నాయి.

ఒక జాగ్రత్త. ఆరు నెలల్లో క్లినికల్ రీసెర్చ్ సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం అని బోర్డులు కనిపిస్తాయి. ఫీజు కట్టకముందు మూడు అడగండి. ఏ విశ్వవిద్యాలయం గుర్తింపు ఉంది? ఏ ఆసుపత్రిలో పని నేర్పిస్తారు? పోయినేడాది చదివినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు? జవాబు తడబడితే వెనక్కి తిరిగి రండి.

మాజీ సైనికుల పిల్లలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. పన్నెండో తరగతిలో 60 శాతం ఉండాలి. కానీ అది బి.ఫార్మసీ, నర్సింగ్, ఎంబీబీఎస్ లాంటి మొదటి డిగ్రీకే. ఎంబీఏ, ఎంసీఏ తప్ప పీజీకి రాదు. కాబట్టి పీజీ ఖర్చును ముందునుంచే లెక్కవేసుకోండి. ఇది చాలామందికి తెలియక చివర్లో ఇబ్బంది పడుతున్నారు.

పిల్లలకు నా మాట ఒక్కటే. మీకు తెలుగు వచ్చు, గుజరాతీ వచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. సాంచా దగ్గర నిలబడ్డ మనిషి చెప్పేదాన్ని విని, ఘజియాబాద్‌కు చేరేలా రాయగలిగేది మీరే. మందుల చదువుతో పాటు ఆ భాషనూ కాపాడుకోండి. పెద్దలకు నా మనవి: డాక్టర్ అయ్యాడా, ఎంత సంపాదిస్తున్నాడు అని మాత్రమే అడగకండి. ఈ చదువు గురించి కూడా ఇంట్లో మాట్లాడండి. వచ్చే సమావేశానికల్లా మన కుటుంబాల నుంచి ఒక్కరైనా ఈ దారిలో అడుగు పెడితే, నాకు అంతకంటే సంతోషం లేదు.

 జైహింద్.